కోయకుండా గుండెను చూచే విద్య

(మా పాఠశాల ప్లాటినం జూబ్లీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల, పూర్వవిద్యార్థుల ఆరోగ్యసదస్సులో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)



కన్నడసీమ రాజధానిలో తెలుగు అక్షరం దిద్దించే బడి ఒకటి డెబ్బయి అయిదు సంవత్సరాలు నిలిచి ఉన్నదంటే అది ఏ ఒక్కరి ఘనతా కాదు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాలనుంచి, కోలారు పల్లెలనుంచి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ బెంగళూరు చేరిన కుటుంబాలు తమ బిడ్డలను మన చేతిలో పెట్టడంవల్లనే ఈ బడి నిలిచింది. ఆ చరిత్రను నాకంటె ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. నాకు అప్పగించిన అంశం ఆరోగ్యం. అందులోనూ గుండెను గురించి, ఆ గుండెను కోయకుండా, గొట్టాలు పంపకుండా చూపగల సి.టి. స్కాన్ పరీక్షను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

నేను వైద్యురాలిని కాను. బి.ఎస్సీ. చదివి, బి.ఎడ్. శిక్షణ పొంది, ముప్పయి ఏళ్లకు పైగా సామాన్యశాస్త్రం బోధిస్తూ వచ్చిన ఉపాధ్యాయినిని. కావున నేను చెప్పబోయేది చికిత్స కాదు, పాఠం. ఆ పాఠం నాకు ఇద్దరు నేర్పారు. ఒకరు కీర్తిశేషులైన మా లెక్కల మాస్టారు. రెండవది తొమ్మిదవ తరగతి చదివిన ఒక పిల్ల.

మా లెక్కల మాస్టారిని ఇక్కడున్న పూర్వవిద్యార్థులలో చాలామంది ఎరుగుదురు. ఆయన పేరు చెప్పవద్దని వారి కుటుంబం కోరినందువల్ల చెప్పడం లేదు. చిత్తూరు జిల్లానుంచి వచ్చిన ఆయనకు తమిళం కూడా బాగా వచ్చు. పనసకాయను కోయకుండానే లోపల ఎన్ని తొనలున్నవో చెప్పే లెక్క ఒకటి కణక్కదికారమనే పాత తమిళ గణితగ్రంథంలో ఉన్నదని ఆయన తరగతిలో చెప్పేవారు. తొడిమ చుట్టూ ఉన్న ముళ్లను లెక్కించి, ఆ సంఖ్యను ఆరుతో హెచ్చించి, అయిదుతో భాగించాలట. “పైనుంచి చూచి లోపల ఉన్నది తెలుసుకోవడమే లెక్కల గొప్ప” అని నవ్వేవారు.

అటువంటి మాస్టారికి 2009లో, ఉద్యోగవిరమణకు రెండేళ్ల ముందు, బస్సు దిగి బడికి నడిచే ఎత్తురోడ్డు మీద ఛాతీ పట్టివేసినట్లు ఉండేది. నిలబడితే తగ్గేది. గ్యాసు అన్నారు. సోడా తాగారు, జీలకర్ర కషాయం తాగారు. మూడునెలలు అట్లాగే గడిపారు. ఒకనాటి తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయారు. పదకొండవ రోజు దాటిన తరువాత వారి భార్య నన్ను లోపలికి పిలిచి, పంచాంగం పుటలమధ్య మడిచిపెట్టిన కాగితం ఒకటి చూపింది. అది వైద్యుడు రాసిచ్చిన చీటీ. యాంజియోగ్రామ్ పరీక్ష చేయించుకొమ్మని అందులో ఉన్నది. చీటీ తేదీ ఆయన మరణానికి రెండు నెలల ముందుది. “గుండెలోకి గొట్టం పంపుతారట, అక్కడినుంచి నేరుగా ఆపరేషన్‌కే తీసుకుపోతారట అని ఎవరితోనో అంటుంటే విన్నానమ్మా, నాకు మాత్రం చెప్పలేదు” అని ఆమె అన్నది.

పనసకాయను కోయకుండా లోపలిది చెప్పగల మనిషి కోతకు భయపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ భయం ఆయన ఒక్కడిదే కాదు. మన ఇళ్లలో ఎందరిదో. ఆ భయానికి మూలమేమిటో, నేడు అది ఎంతవరకు సబబో చూద్దాం.

గుండె మన పిడికిలంత ఉంటుంది. రోజుకు సుమారు ఒక లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్లంతటికీ రక్తం పంపే ఆ గుండె కండరానికి కూడా రక్తం కావాలి కదా! దానిని అందించేవి హృదయధమనులు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి బయలుదేరుతాయి. ఎడమది మరల రెండు పెద్ద శాఖలవుతుంది. వీటి వెడల్పు మొదట్లో మూడు, నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే. వీటి గోడలలో ఏళ్లతరబడి కొవ్వు, సున్నం పేరుకొని దారి ఇరుకైతే, నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు కండరానికి చాలినంత రక్తం అందదు. అప్పుడు వచ్చే బిగింపే గుండెనొప్పి. ఆ పూడిక ఒకనాడు పగిలి, దానిమీద రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతే అది గుండెపోటు.

ఈ సన్నని నాళాలను చూడడం వైద్యులకు చిరకాలం అసాధ్యంగా ఉండేది. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నప్పటికీ అందులో ఎముక కనిపిస్తుంది గాని రక్తనాళం కనిపించదు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు తన చేతి నరం గుండా తన గుండెలోకి తానే సన్నని గొట్టాన్ని పంపుకొని, ఎక్స్‌రే గదికి నడిచివెళ్లి ఫోటో తీయించుకున్నాడు. తొలుత మందలింపులే దక్కినా, 1956లో మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి పొందాడు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ ఒక రోగికి పరీక్ష చేస్తుండగా గొట్టం కొన అనుకోకుండా హృదయధమనిలోకి జారి, రంగుమందు నేరుగా అందులోకి పోయింది. క్షణకాలం గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నది. ఆ పొరపాటునుంచే నేటి యాంజియోగ్రామ్ పుట్టింది.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. యాంజియోగ్రామ్ అంటే ఛాతీ కోయడం కాదు. మణికట్టు దగ్గరగాని, తొడ మొదట్లోగాని ధమనిలోకి సన్నని గొట్టం పంపి, రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రే చిత్రాలు తీస్తారు. అలవాటైన చేతులలో అది చాలావరకు సురక్షితమే. అయినప్పటికీ గొట్టం ధమనిలోకి పోవలసినదే. అందువల్ల రక్తస్రావం, నాళానికి గాయం, ఎంతో అరుదుగా పక్షవాతం వంటి ప్రమాదాలు ఏ కొద్దిగానో ఉంటాయి. పరీక్ష పూర్తయిన తరువాత “మీ నాళాలు బాగానే ఉన్నాయి” అని చెప్పి పంపించేవారు కొందరు ఉంటారు. అటువంటివారికి ఆ గొట్టం అవసరమే ఉండకపోవచ్చు. గొట్టం లేకుండా ఆ సంగతి తెలుసుకొనే మార్గమే సి.టి. యాంజియోగ్రామ్.

సి.టి. స్కాన్ కథ పాటల రికార్డులతో ముడిపడి ఉన్నదని చెబితే మీకు వింతగా ఉండవచ్చు. ఘంటసాలగారి పాటలను మనం కుక్కబొమ్మ ఉన్న హెచ్.ఎం.వి. రికార్డులపై విన్నాము. నాడు ఆ రికార్డులకు మాతృసంస్థ ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. ఆ సంస్థలో ఇంజనీరుగా ఉన్న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ ఒక ప్రశ్న వేసుకున్నాడు. మూసిన పెట్టెను తెరవకుండా, అన్ని దిక్కులనుంచి కిరణాలు పంపి, అవి ఎంతెంత తగ్గి బయటికి వస్తున్నవో కొలిస్తే, లోపల ఏది ఎక్కడున్నదో లెక్కకట్టలేమా? 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక స్త్రీ మెదడును ఆ విధంగా తొలిసారి చిత్రించారు. లోపలి కణితి స్పష్టంగా కనిపించింది. ఇటువంటి గణితాన్నే దక్షిణాఫ్రికాలో పుట్టిన భౌతికశాస్త్రజ్ఞుడు అలాన్ కార్మాక్ అంతకుముందే విడిగా సాధించి ఉన్నాడు. 1979లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పైనుంచి చూచి లోపల ఉన్నది తెలుసుకోవడమే లెక్కల గొప్ప అన్న మా మాస్టారి మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

అయితే మెదడు కదలదు, గుండె కదులుతుంది. మన క్రీడోత్సవంలో పరుగెత్తే పిల్లవాడి ఫోటో మసకబారడం మీరు చూచే ఉంటారు. గుండె చిత్రానికీ అదే చిక్కు. దానిని దాటడానికి మూడు ఉపాయాలు కుదిరాయి. ఒకటి, యంత్రం చుట్టుతిరిగే వేగం పెరిగింది. నేటి యంత్రాలు సెకనులో మూడవ వంతు, అంతకంటె తక్కువ కాలంలో ఒక చుట్టు తిరుగుతాయి. రెండు, ఒకేసారి అనేక పొరల చిత్రాలు తీయగలిగాయి. 2004 ప్రాంతంలో అరవైనాలుగు పొరల యంత్రాలు వచ్చిన తరువాతనే హృదయధమనుల చిత్రాలు వైద్యులు నమ్మదగినవయ్యాయి. మూడు, ఇ.సి.జి. తీగలు అమర్చి, రెండు కొట్లమధ్య గుండె నిమ్మళించే క్షణాన్ని కనిపెట్టి ఆ క్షణపు చిత్రాన్నే గ్రహించడం నేర్చారు.

ఇక నా సంగతి చెబుతాను. 2023 వేసవికి ముందు, వార్షిక పరీక్షల రోజులు. జవాబుపత్రాల కట్టలు పట్టుకొని రెండవ అంతస్తుకు వెళ్లేదానిని. దవడలోనూ ఎడమ భుజంలోనూ ఒక లాగుడు, కొంచెం ఆయాసం. ఛాతీలో నొప్పి లేదు. వయసు అనుకున్నాను, కట్టల బరువు అనుకున్నాను. లెక్కల మాస్టారిని అంత దగ్గరనుంచి చూచిన నేనే మూడువారాలు ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు తొమ్మిదవ తరగతి పిల్ల ఒకతె నా చేతిలో కట్ట అందుకొని, “టీచర్, మీరు రోజూ ఈ పద్నాలుగో మెట్టు మీదే ఎందుకు ఆగుతారు?” అని అడిగింది. పరిశీలన అంటే ఏమిటో ఆ పిల్లకు నేర్పినది నేనే. ఆ పరిశీలన నా మీదనే ఫలిస్తుందని అనుకోలేదు. ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పాను.

వైద్యులు ఇ.సి.జి. తీశారు. బాగానే ఉన్నది. ఎకో పరీక్ష చేశారు. అదీ బాగానే ఉన్నది. ఇక ఇంటికి పోవచ్చుననుకున్నాను. అప్పుడు ఆ డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసే ఇ.సి.జి. ఆ క్షణంలో గుండె ఎట్లా ఉన్నదో చెబుతుంది గాని, నాళాల లోపలి ఇరుకును చూపదు. కాబట్టి మెట్ల మీద వచ్చే లాగుడును తేలికగా తీసుకోరాదు అన్నది. గొట్టం వేస్తారా అని అడిగాను. నవ్వి, మీకు ముందు సి.టి. యాంజియోగ్రామ్ చాలునని చెప్పింది.

ఆ పరీక్ష ఎట్లా జరుగుతుందో భయమున్నవారి కోసం వివరంగా చెబుతాను. ముందుగా మూత్రపిండాలు సరిగా పనిచేస్తున్నవో లేదో తెలుసుకోవడానికి క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. రంగుమందులో అయోడిన్ ఉంటుంది. అది బయటికి పోవలసినది మూత్రపిండాల గుండానే. గతంలో ఏ మందైనా పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. చక్కెరజబ్బుకు మాత్రలు వేసుకొనేవారు, ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి చెప్పాలి. గర్భం ఉన్నదేమోనన్న అనుమానం ఉన్న స్త్రీలు తప్పనిసరిగా చెప్పాలి. ఆ ఉదయం కాఫీ, టీ మానమంటారు. నాడి వేగంగా ఉంటే తగ్గించడానికి మాత్ర ఇస్తారు. నిమిషానికి అరవై, అరవై అయిదు దాటకుండా ఉంటే చిత్రం స్పష్టంగా వస్తుంది. నాళాలు విప్పారడానికి నాలుక కింద మందు పెడతారు.

తరువాత బల్లమీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అంటించి, చేతినరానికి సెలైన్ పెట్టినట్లే సూది పెడతారు. యంత్రం గుహవలె ఉండదు. పెద్ద వడ ఆకారంలో నడుమ ఖాళీతో ఉంటుంది. రంగుమందు పోయేటప్పుడు ఒళ్లంతా వెచ్చబడుతుంది. అది నిమిషంలోపే తగ్గిపోతుంది. ఊపిరి బిగబట్టమంటారు. సుమారు పది సెకన్లు. మన పిల్లలు ఆటలో బిగబట్టేటంత సేపు. అంతే. సిద్ధం చేయడానికే అరగంట, గంట పడుతుంది. చిత్రం తీయడం క్షణాల పని. నేను ఆ మధ్యాహ్నమే ఇంటికి వచ్చి వంట చేసుకున్నాను.

నా ఫలితంలో ఎడమ ప్రధాన శాఖలో ఒకచోట సుమారు సగం మేర ఇరుకు కనిపించింది. మిగిలినవి బాగానే ఉన్నవి. ఆ ఇరుకు రక్తప్రవాహానికి నిజంగా ఎంత అడ్డుపడుతున్నదో తెలుసుకోవడానికి మరొక పరీక్ష కూడా చేయించారు. ప్రవాహం ప్రమాదకరంగా లేదని తేలింది. స్టెంటు అక్కరలేదు, మాత్రలు, నడక, ఆహారనియమం చాలునన్నారు. నేడు పద్నాలుగో మెట్టు మీద ఆగడం లేదు.

ఇరుకు కనిపించడం వేరు, ఆ ఇరుకు వల్ల ప్రవాహం తగ్గడం వేరు. పూర్వం ఈ రెండవ సంగతి తెలియాలంటే పీడనం కొలిచే సన్నని తీగను ధమనిలోకి పంపవలసి వచ్చేది. అమెరికాలో చార్లెస్ టేలర్, క్రిస్టఫర్ జారిన్స్ అనే శాస్త్రజ్ఞులు సి.టి. చిత్రంనుంచే నాళాల నమూనాను కంప్యూటరులో నిర్మించి, నీటిప్రవాహపు సూత్రాలతో ఏ చోట పీడనం ఎంత పడిపోతున్నదో లెక్కకట్టే పద్ధతిని రూపొందించారు. అక్కడి ఔషధనియంత్రణ సంస్థ దానికి 2014లో అనుమతి ఇచ్చింది. ఇది అన్నిచోట్లా దొరికే పరీక్ష కాదు గాని, విజ్ఞానం ఏ దిక్కుగా పోతున్నదో తెలుపుతుంది. తీగ చేయవలసిన పని లెక్క చేస్తున్నది.

ఇంతకూ ఈ పరీక్షవల్ల ప్రాణాలు నిలుస్తున్నవా? శాస్త్రం బోధించేవారు అడగవలసిన ప్రశ్న ఇది. స్కాట్లండులో ఛాతీనొప్పితో వైద్యుల వద్దకు వచ్చిన 4,146 మందిని రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మామూలు పరీక్షలతోపాటు సి.టి. యాంజియోగ్రామ్ కూడా చేశారు. అయిదేళ్ల ఫలితాలు 2018లో వెలువడ్డాయి. హృద్రోగమరణమో, గుండెపోటో సంభవించినవారు మామూలు జట్టులో నూటికి 3.9 మంది కాగా, సి.టి. జట్టులో 2.3 మంది. ఇందులో గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. అయిదేళ్లలో రెండు జట్లలోనూ స్టెంట్లు, బైపాస్‌లు ఇంచుమించు సమానమే. తేడా ఎక్కడ వచ్చిందంటే, పూడిక కంటికి కనిపించిన జట్టులో తగినవారికి తగిన మాత్రలు ఎక్కువగా మొదలయ్యాయి. అనగా మేలు చేసినది కోత కాదు, సకాలంలో తెలియడం, తెలిసినదానిని బట్టి దిద్దుకోవడం.

2016లో బ్రిటన్ జాతీయ వైద్యమార్గదర్శక సంస్థ నిలకడైన ఛాతీనొప్పి ఉన్నవారికి సి.టి. యాంజియోగ్రామ్‌ను మొదటి పరీక్షగా సిఫార్సు చేసింది. 2022లో ఐరోపాలోని 26 కేంద్రాలలో 3,561 మందిపై జరిపిన అధ్యయనంలో, గొట్టం పరీక్షతో ప్రారంభించినవారిలో ఆ ప్రక్రియలవల్ల పెద్ద చిక్కులు నూటికి 1.9 మందికి వస్తే, సి.టి.తో ప్రారంభించినవారిలో 0.5 మందికే వచ్చాయి.

ఇది విని రేపే అందరూ స్కాన్ కేంద్రాలకు పరుగెత్తరాదు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46వ ఏట హఠాత్తుగా మరణించినప్పుడు ఈ నగరంలో ఎంత దుఃఖం, ఎంత భయం అలముకున్నవో మీరెరుగుదురు. ఏ బాధా లేని యువకులు కూడా ఆసుపత్రుల ముందు బారులు తీరారు. మాస్టారి భయం చీటీని పంచాంగంలో దాచింది. ఈ భయం అక్కరలేని పరీక్షలకు పరుగెత్తించింది. రెండూ తగవు. సి.టి. స్కాన్‌లో వికిరణం ఉన్నది. కొత్త యంత్రాలపై జాగ్రత్తగా చేస్తే సాధారణంగా 5 మిల్లీసీవర్టుల లోపు. ప్రకృతినుంచి ప్రపంచ సగటున ఒక మనిషికి ఏటా చేరేది 2.4. కావున అవసరమైనవారికి అది భరించదగినదే గాని, వేడుకకు చేయించుకొనేది కాదు. లక్షణాలేవీ లేనివారి విషయంలో వయసు, రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్, పొగతాగే అలవాటు, కుటుంబచరిత్ర చూచి ఏ పరీక్ష కావాలో వైద్యులే నిర్ణయించాలి. రంగుమందు లేకుండా సున్నపు పూడికను మాత్రమే లెక్కించే కాల్షియం స్కోరు అనే పరీక్ష ఒకటి ఉన్నది. అమెరికన్ వైద్యుడు ఆర్థర్ అగాట్‌స్టన్ పేరుమీద ఆ లెక్క 1990నుంచి వాడుకలో ఉన్నది. దానిలో సున్నా వచ్చినవారికి ప్రమాదం బాగా తక్కువ. కాని సున్నం పట్టని మెత్తని కొవ్వును అది చూపదు.

సి.టి. యాంజియోగ్రామ్‌కు కూడా పరిమితులు ఉన్నాయి. నాళాలలో సున్నం మరీ ఎక్కువగా ఉన్నా, నాడి క్రమం తప్పి కొట్టుకుంటున్నా, పాత స్టెంటు సన్ననిదైనా చిత్రం తేటగా రాదు. అన్నిటికంటె ముఖ్యం, ఈ పరీక్ష చూపుతుంది గాని బాగుచేయదు. తీవ్రమైన పూడిక కనిపిస్తే గొట్టం యాంజియోగ్రామ్, స్టెంటు, అవసరమైతే బైపాస్ చేయించుకోవలసినదే. వాటికీ భయపడనక్కరలేదు. మన తెలుగు హృద్రోగనిపుణుడు బి. సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి సామాన్యులకు అందే ధరలో కలాం–రాజు స్టెంటును 1990వ దశకంలో రూపొందించిన సంగతి మనకు గర్వకారణం.

మరొక హెచ్చరిక. కూర్చొని ఉండగానే ఛాతీలో బండ పెట్టినట్లు నొప్పి వచ్చి, చెమటలు పోసి, పది, పదిహేను నిమిషాలకు తగ్గకపోతే అది స్కాన్‌కు వేళ కాదు. వెంటనే 108కి ఫోను చేసి, ఇ.సి.జి., గుండెచికిత్స ఉన్న ఆసుపత్రికి పోవాలి. ఈ నగరంలోని సెయింట్ జాన్స్ వైద్యవిద్యాసంస్థ పరిశోధకులు ముందుండి, దేశంలోని 89 ఆసుపత్రులలో 20 వేలకు పైగా గుండెజబ్బు రోగులను పరిశీలించి 2008లో ఒక నివేదిక ప్రచురించారు. నొప్పి మొదలైననాటినుంచి ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థకాలం 360 నిమిషాలు! ఆరు గంటలు! నెలరోజులలో మరణించినవారు సంపన్నులలో నూటికి 5.5 మంది కాగా, పేదలలో 8.2 మంది. ఇద్దరికీ అందిన చికిత్సలోని తేడాను లెక్కలోకి తీసుకుంటే ఆ అంతరం మాయమైంది. పేదవాని గుండె బలహీనమైనది కాదు, అతనికి చికిత్స సరిగా అందలేదు అన్నమాట. 2023లో కర్ణాటక ప్రభుత్వం పునీత్ రాజ్‌కుమార్ పేరుమీద ప్రారంభించిన హృదయజ్యోతి పథకం ఈ లోటును తీర్చడానికే. తాలూకా ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, జయదేవ వంటి కేంద్రాల నిపుణుల సలహాతో, గడ్డను కరిగించే ఖరీదైన ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం దాని ఉద్దేశం. ఊళ్లలో మీ వాళ్లు ఉంటే ఈ సంగతి వారికి తెలియజేయండి.

దక్షిణాసియావారికి తొలి గుండెపోటు వచ్చే సగటు వయసు 53 ఏళ్లని, ఇతర దేశాలవారికి సుమారు 59 ఏళ్లని 2007లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం ఒకటి చెప్పింది. అంటే ఈ సభలో పిల్లలను చదివిస్తున్న తండ్రుల వయసుకు అది ఎంతో దూరంలో లేదు. తల్లులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. స్త్రీలలో గుండెజబ్బు ఛాతీనొప్పిగా కాక, ఆయాసంగా, దవడలాగుడుగా, వీపునొప్పిగా, అంతులేని అలసటగా కూడా కనిపించవచ్చు. మనం ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర తినే అలవాటున్నవాళ్లం. మన నొప్పిని కూడా అట్లాగే చివరికి పెట్టుకుంటాం. చదువుకున్నదానిని, శాస్త్రం బోధించేదానిని నేనే మూడువారాలు దాచాను.

పరీక్షల సంగతి ఉపాధ్యాయులకు బాగా తెలుసు. పరీక్ష పెట్టినంతమాత్రాన పిల్లవాడు చదువరి కాడు. జవాబుపత్రంలో ఎర్రసిరాతో గుర్తించిన తప్పును దిద్దుకుంటేనే అవుతాడు. సి.టి. స్కాన్ కూడా ఎర్రసిరా వంటిదే. ఆ తరువాత మాత్ర మరువకుండా వేసుకోవడం, పొగ మానడం, ఉప్పు, నూనె తగ్గించడం, రోజూ అరగంట నడవడం మన పని. ఖర్చు ఒక్కొక్కచోట ఒక్కొక్క రకంగా ఉంటుంది. రెండుమూడు చోట్ల, ముఖ్యంగా ప్రభుత్వ సంస్థలలో, విచారించండి. ఏ పథకం వర్తిస్తుందో అడగడానికి సిగ్గుపడకండి.

చివరిగా ఈ జూబ్లీ సంవత్సరంలో మన విద్యార్థులకు నేను ఒక ఇంటిపని ఇస్తున్నాను. నోటుపుస్తకంలో రాయవలసినది కాదు. ఈ రాత్రి భోజనాల దగ్గర అమ్మను, నాన్నను, అవ్వను, తాతను ఒక ప్రశ్న అడగండి: “మెట్లెక్కేటప్పుడు, బరువెత్తేటప్పుడు నడుమ ఎక్కడైనా ఆగుతున్నావా?” అవునంటే, గ్యాసేలే, వయసేలే అని వదలవద్దు. వైద్యుని వద్దకు తీసుకుపొమ్మని పోరు పెట్టండి. పెద్దలారా, మీ పెట్టెలలో, పంచాంగాలలో, పర్సులలో మడిచిపెట్టిన చీటీలేవైనా ఉంటే దయచేసి ఈ రోజే బయటికి తీయండి. గుండెను చూడడానికి నేడు కోత అక్కరలేదు. మనకు కావలసినది నోరు తెరిచి చెప్పగల ధైర్యం.

నన్ను ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు కళాశాలలో చదువుతున్నది. ఈ సభలోనే ఎక్కడో కూర్చొని ఉన్నది. ఆమెకు నా ఆశీస్సులు.